ఎర్తు గుంతలో నిమ్మకాయ

కరెంటు అంటే జనానికి భయమూ భక్తీ రెండూ ఉన్న రోజులవి. ఇంట్లో మొదటిసారి బల్బు వెలిగితే చేతులు జోడించేవారు. అదే బల్బు మాడిపోతే మాత్రం విప్పడానికి పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించేవారు. ఇప్పుడు మా జనగామ వీధిలో పిల్లలు తడి చేత్తో ఫోను ఛార్జరు పీకుతుంటే చూడలేక నేనే లోపలికి వెళ్లిపోతాను (చెప్పి చూశాను. ఒకే రోజు పద్నాలుగు సార్లు చెప్పాను, లెక్క రాసుకున్నాను, ఫలితం సున్నా). అప్పుడు భయం ఉండేది కానీ ఎందుకు భయపడాలో తెలియదు. ఇప్పుడు అన్నీ తెలుసు, భయం మాత్రం లేదు. రెండూ సరిగ్గా ఉన్న ఇల్లు ఒకటి నేను కళ్లారా చూశాను. చూసిన తేదీ 1981 మే 19, మంగళవారం. అక్కడికి చేరేలోపు నేను పడ్డ పాట్లు, నా గొప్పలు, నా ఒకే ఒక్క దొంగ లెక్క, ఇవన్నీ ఇప్పుడు చెప్పుకున్నా ఫర్వాలేదనిపిస్తోంది. ఆనాటి పెద్దలు ఎవరూ లేరు, నవ్వుకోవడానికి నేను మిగిలాను.

మా బాపు జనగామలో ఇళ్లకు వైరింగు చేసే కాంట్రాక్టరు. లైసెన్సు ఉన్నవాడు. ఆ లైసెన్సు కాగితాన్ని అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. నేను పన్నెండో ఏట నుంచి ఆయనకు స్క్రూలు అందిస్తూ, నిచ్చెన పట్టుకుంటూ, చివరికి నిచ్చెన ఎక్కి పని నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లు వచ్చేసరికి నాకు వైర్‌మన్ పర్మిటు పరీక్ష రాయాలని పట్టుదల పుట్టింది. ఆ పరీక్షకు ఫారం నింపాలంటే, ఈ మనిషి నా దగ్గర పని చేసింది, నమ్మకంగా చేసింది అని ఒక కాంట్రాక్టరు సంతకం పెట్టాలి. ఆ కాంట్రాక్టరు మా బాపు. ఆయనకు అబద్ధం అంటే కరెంటు షాకు లాంటిది. "ఒక్క ఇల్లు నువ్వొక్కదానివే చెయ్యి. తనిఖీల పాసైతె సంతకం పెడ్త. కాకుంటె ఈయేడు ఆ మాటెత్తొద్దు" అన్నాడు. ఫారం పంపడానికి ఆఖరు తేదీ మే 15.

ఆ ఒక్క ఇల్లు కురవి దగ్గరి పల్లెలో దొరికింది. (ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, అప్పుడు అంతా వరంగల్ జిల్లాయే.) నిజానికి ఆ పని బాపు ఒప్పుకున్నదే. కానీ పంతొమ్మిదేళ్లు నిచ్చెనల మీద పనిచేసి ఒక్కసారీ పడని మనిషి మార్చి నెలలో మా ఇంటి గడప తట్టుకొని పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దాంతో మొదటిరోజు జనగామలో పాసింజరు ఎక్కించి, మానుకోటలో (మహబూబాబాదును మేం అలాగే అంటాం) దింపి, బస్సులో కురవి తీసుకుపోయి, నన్ను పటేలు ఇంట్లో ఒప్పజెప్పి వెళ్లాడు. ఇల్లు కొత్తది. పదకొండు లైట్లు, మూడు ఫ్యాన్లు, మూడు ప్లగ్గులు, మొత్తం పదిహేడు పాయింట్లు. ఇంటి యజమాని పటేలే గానీ ఇల్లు నడిచేది ఆయన తల్లి మాట మీద. ఊరంతా ఆమెను పెద్దవ్వ అనేవారు. రాత్రిళ్లు ఆమె మంచం పక్కనే నా చాప.

పెద్దవ్వకూ నాకూ మొదటి గంటలోనే చెడింది. నేను రబ్బరు చెప్పులతో ఇంట్లోకి నడిచాను. ఆమె చీపురు అడ్డం పెట్టింది. ఇంట్లో చెప్పులేమిటని అడిగితే, కరెంటు పని చేసేవాళ్ల కాళ్ల కింద రబ్బరు ఉండాలని నిబంధన చెప్పాను. మెయిను తీగ ఇంకా కలపనే లేదు కదా, ఇప్పుడు కరెంటు ఎక్కడుందని ఆమె అడిగింది. (చాలా మంచి ప్రశ్న. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) "నిబంధన నిబంధనే అవ్వా" అన్నాను. చివరికి పటేలు మానుకోట నుంచి కొత్త జత తెప్పించాడు. వాటిని పెద్దవ్వ పసుపు నీళ్లతో కడిగి, ఇంట్లోకి మాత్రమే అని షరతు పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత పదహారు రోజులూ నేను నిబంధనలు వల్లిస్తూనే ఉన్నాను. స్విచ్చి ఫేజు (కరెంటు తెచ్చే) తీగ మీదనే ఉండాలి, ఎర్ర తీగ ఇది, నల్ల తీగ అది, ఆకుపచ్చది భూమిలోకి పోయేది, స్నానాల గదిలో ప్లగ్గు పెట్టను గాక పెట్టను. వినేవాళ్లు ఉన్నారా లేదా అని చూసుకునే అలవాటు నాకు లేదు. ఎంత మంచిగా చేశానో చెప్పేదాన్ని గానీ ఎందుకు చేస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో "ఎందుకు" అన్నది చిన్న అక్షరాల్లో ఉండేది, నేను పెద్ద అక్షరాలే చదివేదాన్ని.

చివరి పని ఎర్తింగు. ఇంటి ముందు ఈశాన్యం మూల గుంత తవ్వి, చిల్లులున్న ఇనుప పైపు నిలబెట్టి, దాని చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు పోసి, నీళ్లతో తడిపి, ఇంట్లోంచి వచ్చే ఎర్తు తీగను పైపుకు నట్టు వేసి బిగించి, పైన మూత పెట్టాలి. ఉప్పూ బొగ్గూ తడి పట్టుకొని ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో కూడా కరెంటు సులువుగా భూమిలోకి దిగుతుంది. గుంత తవ్వడానికి పక్క తండా నుంచి ఒక అక్క, ఆమె పెనిమిటి వచ్చారు. ఐదున్నర అడుగుల లోతు తవ్వారు. ఇద్దరూ తమ భాషలో ఏదో మాట్లాడుకొని నవ్వుకున్నారు, తర్వాత ఆ అక్క నా దగ్గరకు వచ్చి తెలుగులో మెల్లగా అంది: "పిల్లా, ముసలామె కిటికీల కెల్లి సూస్తాంది. గిదేందో జర జెప్పి చెయ్యరాదూ." పుస్తకంలో అలాంటిదేమీ లేదు కాబట్టి నేను చెప్పలేదు.

ఆ రోజు మే 3. నా డైరీలో అంతే రాసుకున్నాను. నాకు తేదీల మీద ఉన్న పట్టు తిథుల మీద లేదని అప్పటికి తెలియదు. అది ఆదివారం; అమావాస్య మర్నాడు ఉదయం దాకా ఉన్నా, ఘడియలు ఆ మధ్యాహ్నానికే మొదలయ్యాయట. ఆదివారమూ అమావాస్యా కలిసిన సాయంత్రం, పొద్దు గూకే వేళ, పెళ్లికాని పిల్ల ఒకతె తలకు గుడ్డ చుట్టుకొని, ఇంటి ముందర గుంత చుట్టూ తిరుగుతూ, తట్టెడు బొగ్గు, తట్టెడు ఉప్పు పోస్తూ, పెదవులు కదుపుతూ ఉంది. నేను పొరలు లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిది పొరలు వేశాను. ముప్పై ఒక్క కిలోల ఉప్పు పట్టింది.

మూత పెట్టేముందు బాపు ఇచ్చిన మీటరుతో ఎర్తు కొలిచాను. ముల్లు నాలుగు ఓముల దగ్గర నిలబడింది. అంత ఎండాకాలంలో అంత తక్కువ రావడం గొప్పే. ఆ సంతోషంలో అక్కడే కూర్చొని, తనిఖీ రోజున ఇవ్వాల్సిన పరీక్ష కాగితం నింపేశాను. ఈ కాగితం విషయంలో బాపు చెప్పింది ఒక్కటే: తనిఖీ రోజు పొద్దున కొలిచి, అప్పుడే రాయాలి. తనిఖీ మే 8, శుక్రవారం. ఐదు రోజుల్లో భూమి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. పైగా హడావుడిలో రాస్తే నా దస్తూరీ వంకర పోతుంది. తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో, సిరాతో అంకె నాలుగు వేసి, పక్కన తేదీ ఎనిమిది అని రాశాను. సోమవారం పొద్దున బండెక్కి జనగామ వెళ్లిపోయాను, ఫారం తెచ్చుకొని బాపు సంతకం పెట్టాల్సిన చోట మాత్రం ఖాళీ ఉంచి మిగతా ఇరవై రెండు గడులూ నింపుకున్నాను.

శుక్రవారం తనిఖీకి వచ్చిన కరెంటాఫీసు సారు సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉన్నాడు. తక్కువ మాట్లాడేవాడు. బాపు కూడా చెయ్యి మెడకు వేలాడగట్టుకొని నాతో వచ్చాడు. నా సంచిలో పరీక్ష కాగితం, దాని కింద ఫారం. సారు పదిహేడు పాయింట్లూ చూశాడు. ప్రతి స్విచ్చీ విప్పి ఎర్ర తీగ వెతికాడు. ఒక్క తప్పు దొరకలేదు. నేను గోడకు ఆనుకొని నిలబడి, ఆయన తల ఊపిన ప్రతిసారీ వేళ్లమీద లెక్కపెట్టాను. పదిహేడు. ఇక ఎర్తు కొలవడానికి వచ్చాడు. మీటరు తిప్పగానే ముల్లు ఆ చివరకు పోయి గోడకు తగిలినట్టు ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. భూమికీ ఇంటికీ సంబంధమే లేదన్నమాట.

"సార్, మీ మీటరు ఖరాబైంది" అన్నాను.

ఈ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. బాపు వంగి, ఎడమ చేత్తో గుంత మీది మూత పక్కకు జరిపాడు. లోపల బొగ్గు లేదు, ఉప్పు లేదు. ఎర్రటి పొడి మొరం మట్టి ఉంది. పైపు ఉంది, శుభ్రంగా పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి. నేను నట్టు వేసి బిగించిన ఎర్తు తీగను ఎవరో విప్పి, మళ్లీ పైపుకు పసుపు దారంతో కట్టారు. ముడి చాలా అందంగా వేశారు. పైపు పక్కన ఒక నిమ్మకాయ.

పటేలు జీతగాణ్ని పిలిచి కేకలు వేయబోయాడు. అప్పుడు పెద్దవ్వ లోపలి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఆన్నేం అనకు. తీపిచ్చింది నేనే."

ఎందుకు తీయించావని పటేలు అడిగాడు.

"ఎందుకేంది? ఐతారం, అమాస. ఇంటి ముంగట గుంత దవ్వి, బొగ్గుల మీద ఉప్పు, ఉప్పు మీద బొగ్గులు పోసుకుంట ఈ పిల్ల నోట్లె ఏందో సదువుతాంది. సూసుకుంట ఊకోవాల్నా?"

"సదువలే అవ్వా, లెక్కపెట్టిన" అన్నాను.

"లెక్కకు పెదవులు గట్ల ఆడుతయా?"

ఆడతాయని చూపించడానికి నేను ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నవ్వు దాచుకోవడానికని తర్వాత అర్థమైంది. ఉప్పేం చేశావని పటేలు అడిగితే, ఏరి బర్రె కుడితిలో కలుపుతున్నానని, బొగ్గులు ఇస్త్రీ పెట్టెకు దాచానని పెద్దవ్వ చెప్పింది. బాణామతి (చేతబడి) సరుకైనా ఆమె ఇంట్లో వృథా పోదు. నాకు ఏడుపు వస్తోంది, సంచిలో ఫారం బరువెక్కుతోంది, ఏడు రోజుల్లో ఆఖరు తేదీ. ఈమె మూఢత్వం వల్ల నా ఏడాది పోయింది కదా అని పళ్లు కొరుక్కుంటున్నాను. అప్పుడు పెద్దవ్వ నా వైపు కాకుండా గుంత వైపు చూస్తూ, గొంతు తగ్గించి అంది:

"పోయిన వానకాలం నా బర్రె నిలవడ్డ కాన్నే కూలింది. దెబ్బ లేదు, రోగం లేదు. పొద్దుగాల పాలిచ్చింది, పొద్దుగూకెటాలకు లేదు. ఎవలో చేసిన్రనుకున్న. ఇగ ఇప్పుడు ఇంటి మీదికే వచ్చిందనుకున్న."

బర్రె ఎక్కడ కూలిందని బాపు అడిగాడు. పక్క చేను మోటారు దగ్గర, ఇనుప డబ్బాకు ఒరుసుకుంటూ ఉండగా అని ఆమె చెప్పింది. బాపూ సారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాపు వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, లోపల తీగ పాడై డబ్బకు తాకితె, కరంటు డబ్బ నిండ ఉంటది. భూమిలకు పోనీకె తొవ్వ ఉంటె అట్ల పోతది. తొవ్వ లేకుంటె ఎవలు ముట్టుకుంటె ఆళ్ల పానం మీదికెల్లి పోతది. ఆ డబ్బకు తొవ్వ లేకుండె. గీ గుంతనే గా తొవ్వ."

పెద్దవ్వ బాపు వైపు తిరిగింది.

"అంటె నా బర్రెకు ఎవలు జెయ్యలే?"

"ఎవలు జెయ్యలే అవ్వా. గుంత దవ్వలే, గంతే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ బర్రె పోయినప్పటి నుంచి గోడ అవతలి తోడికోడలితో ఆమె మాట్లాడటం లేదని పటేలు తర్వాత చెప్పాడు. జూలై నుంచి మే దాకా, పది నెలలు. నేను ఆ ఇంట్లో పదహారు రోజులు ఉండి పదిహేడు పాయింట్లు పెట్టాను గానీ, బాపు రెండు నిమిషాల్లో చెప్పిన మాట ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్పటికీ నేను బాగుపడలేదు. తప్పు నాది కాదని తేలింది కాబట్టి సంతకానికి అడ్డం లేదనుకున్నాను. ఆ మాటే బాపుతో అన్నాను. ఆయన నా చేతిలోంచి పరీక్ష కాగితం తీసుకొని చూశాడు.

"గీ నాలుగు ఎప్పుడు కొలిసినవ్?"

"ఆదివారం, బాపు."

"ఆదివారం ఎన్నో తారీకు?"

"మూడు."

"కాయిదం మీద?"

అక్కడ ఎనిమిది అని గుండ్రటి అక్షరాల్లో ఉంది.

"అవ్వకు తెల్వక తీసింది. నీకు తెలిసి రాసినవ్" అన్నాడు బాపు. గొంతు పెంచలేదు. "ఇయ్యాల సారు కొలవకపోతె, ఈ నాలుగును నమ్మి ఈ ఇంట్ల ఎవలో ఒకలు కరంటు ఇస్త్రీ పెట్టె ముట్టుకుందురు."

పెద్దవ్వ కళ్లు తుడుచుకొని నా తరఫున నిలబడింది. పిల్లను ఏడిపించకు, నా వేలిముద్ర కావాలంటే వేస్తా, పిల్ల మంచిగ చేసింది అని ఎంతో చెప్పింది. బాపు ఆమెకు దండం పెట్టాడు గానీ మాట మార్చలేదు. తిరుగు ప్రయాణంలో కాజీపేటలో చాయ్ తాగుతావా అని అడిగాడు. వద్దన్నాను. రెండు తెచ్చాడు.

గురువారం, పద్నాలుగో తేదీన, మంచి ఘడియ పెద్దవ్వే చూయించుకొని, గుంత మళ్లీ తీయించింది. తండా అక్కా ఆమె పెనిమిటీ మళ్లీ వచ్చారు. ఈసారి నేను నోరు తెరిచి ప్రతి పొరా ఎందుకో చెప్పాను. తండా అక్క నవ్వి, "గీ మాట ఆనాడే జెప్తె నాకు రెండోపారి కూలి దొరక్కపోతుండె" అంది. ఉప్పు పెద్దవ్వ తన చేత్తో పోసింది, నాతో పాటు పైకి లెక్కపెట్టింది. నా ఎనిమిదికి ఆమె తొమ్మిదో పొర కలిపింది, బర్రె పేరున. గోడ మీదుగా తొంగిచూస్తున్న తోడికోడలిని పిలిచి, "ఇటు రా, నువ్వూ ఇంత పొయ్యి" అంది. ఆమె వచ్చి దోసెడు పోసింది. ఆ సాయంత్రం అవతలి ఇంటికి ఒక చెంబు మజ్జిగ వెళ్లింది. మర్నాడు మే 15. నా ఫారం జనగామలో పెట్టెలోనే ఉండిపోయింది.

పంతొమ్మిదిన పొద్దున ఏడింటికి నేను కొలిచాను. తొమ్మిదింటికి మళ్లీ కొలిచాను. పదింటికి సారు కొలిచాడు. ముల్లు నాలుగుకు కాస్త ఇవతల ఆగింది. అప్పుడు పెన్ను తీసి, అందరి ముందూ, వంకర దస్తూరీతో రాశాను. పెద్దవ్వ అప్పటికే కోడళ్లను వరుసగా నిలబెట్టి, తడి చెయ్యి స్విచ్చి మీద పడితే బువ్వ పెట్టనని ఒకామెకు, కరెంటు ఇస్త్రీ పెట్టె చుర్రుమంటే ప్లగ్గు పీకి తనను పిలవమని ఇంకొకామెకు చెబుతోంది. చెప్పులు లేకుండా మెయిన్ బోర్డు దగ్గరికి వస్తున్న పటేలును చీపురు చూపించి ఆపింది. సారు వెళ్లబోతుంటే మూత మీద నిమ్మకాయ పెట్టుకోవచ్చునా అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, లోపల పెట్టకూడదు గానీ మూత పైన పెట్టకూడదని నిబంధన ఎక్కడా లేదని చెప్పాడు. ఆ తర్వాత ఆమె నన్ను చెయ్యి పట్టుకొని బర్రెల కొట్టం దగ్గరకు తీసుకుపోయి, ఇక్కడ కూడా ఒక లైటూ ఒక గుంతా వెయ్యమంది. పద్దెనిమిదో పాయింటు.

తర్వాత పెళ్లయి భూపాలపల్లి వెళ్లాను. అక్కడా జనగామలోనూ కలిపి రెండు వందల పన్నెండు ఇళ్లు చేశాను. ఏ ఇంట్లోనైనా గుంత తవ్వే ముందు ఆ ఇంటి ముసలామెను వెతికి, పక్కన కూర్చొని, ఎందుకో చెప్పాకే పార పట్టనిచ్చేదాన్ని. ఇవన్నీ పర్మిటు వచ్చాక. పర్మిటు పరీక్ష నేను మరుసటి ఏడు రాశాను. ఆ ఏడు బాపును నేను అడగలేదు. ఒకరోజు ఆయనే కొత్త ఫారం తెచ్చి, కిటికీ దగ్గర కూర్చొని, అతికిన చేత్తో పెన్ను పట్టుకొని, తన చోట సంతకం చేశాడు. తేదీ గడి దగ్గర ఆగి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఇయ్యాల తారీకెంత బిడ్డా?"

నాకు తెలుసు. పొద్దుననే డైరీలో రాసుకున్నాను. అయినా లేచి వంటింట్లోకి వెళ్లి, గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి, వారం చూసి, తేదీ చూసి, తిథి కూడా చూసి, మళ్లీ ఒకసారి మొదటినుంచి చూశాను. బాపు తొందరపెట్టలేదు. గాల్లో పెన్ను ఎత్తి పట్టుకొని అలాగే కూర్చున్నాడు. ఆ క్యాలెండరు ముందు నిలబడ్డ పిల్ల ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు కనబడుతుంది. చాల్లే బిడ్డా, సరిగ్గానే చూశావు, ఇక వచ్చి చెప్పు, బాపు చెయ్యి నొస్తుంది అని మెల్లగా అనాలనిపిస్తుంది.